మునిరత్నం టైపు చేస్తున్నాడు, ఆగండి

మా మునిరత్నం నోటిని తిండికి మాత్రమే వాడతాడు. మాట కావాలంటే జేబులోంచి ఫోన్ తీస్తాడు. కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, చూపుడువేలితో ఒక్కో అక్షరాన్నీ పేనును నొక్కినట్టు నొక్కుతాడు. చివరికి ఫోన్‌లోంచి ఒక ఆడమనిషి మాట్లాడుతుంది. అంతదాకా ఎదుటివాడు ఆగాలి. ఆగకుండా వెళ్లిపోతే ఫోన్ పైకెత్తి పట్టుకుని వీధి చివరిదాకా వెంటపడతాడు.

వరసకు నాకు తమ్ముడు. మా ఊరు కనకమ్మ సత్రంలో మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు. ఆటో మీద గొట్టం కట్టుకుని, చావు కబురు మొదలుకొని తిరుత్తణి గుడిలో ఆడి కృత్తిక పండగ కావళ్ల కబురుదాకా ఊరూరా తానే చెప్పేవాడు. మైకు ఆపినా గొంతు అదే. ఇంట్లో కూర్చుని ఉప్పు అడిగితే పక్కవీధివాళ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు. అంతటి గొంతులో కాయ లేచింది. తిరువళ్లూరులో ఆపరేషన్ చేసి, కొన్నాళ్లు నోరు తెరవద్దనీ, తెరిచినా ఎంత మాట వస్తుందో చెప్పలేమనీ అన్నారు. కొడుకు మునిరాజ్ ఫోన్‌లో ఏదో ఎక్కించి తండ్రి చేతికిచ్చాడు. మనం రాస్తే అది చదువుతుందట.

అక్కడే వచ్చింది చిక్కు. మాది అరవదేశమైనా, మా చిన్నతనంలో ఊర్లో తెలుగు బడి ఉండేది. నేను రెండో తరగతితో దానికి దండం పెట్టేశాను. మునిరత్నం ఇంకొన్నేళ్లు దెబ్బలు తిన్నాడు. అందుకని రాయడానికి వేలు పెట్టగానే వాడికి పంతులు కనబడతాడు. నోటితో అయితే ముందు బూతు, వెనక మాట. వేలితో మాత్రం పాఠంపుస్తకం. పెళ్లాన్ని ముప్పై ఏళ్లుగా "ఏమే" అన్నవాడు, ఫోన్ వచ్చిన మర్నాడు "కోకిల గారూ, దయచేసి మంచినీళ్లు ఇవ్వండి" అనిపించాడు. వీధిలోని ఆడవాళ్లు ఆ ఫోన్ గొంతుకు మునిరత్నం రెండో సంసారమని పేరు పెట్టారు. కోకిలకు కోపమొస్తుందేమోనని అడిగి చూశాను.

"ఆయమ్మ రానీలే వదినా. ఆమె వచ్చినాకే నాకు మర్యాద వచ్చింది" అంది.

ఒకరోజు వీళ్ల మేక పక్కతోటలో మల్లెమొక్కలు మేసింది. తోటగల పచ్చయ్యప్ప లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి, మునిరత్నం వంశంలో ఎవరినీ వదలకుండా తిట్టాడు. వీడు అరుగు మీద కూర్చుని నొక్కుతూనే ఉన్నాడు. తిట్టడానికి మనుషులు అయిపోయి పచ్చయ్యప్ప రొప్పుతూ నిలబడినప్పుడు ఫోన్ పలికింది.

"పచ్చయ్యప్ప గారూ, మీ ఆవేదన నాకు అర్థమైంది. మేకకు చదువు లేదు. క్షమించండి."

పచ్చయ్యప్ప చప్పున లుంగీ కిందికి దించేశాడు. "శరి... శరీమ్మా" అని ఫోన్‌కు చెప్పి వెళ్లిపోయాడు.

పళవేర్కాడు నుంచి రొయ్యలు తెచ్చి అమ్మే శశికళ సంగతి ఇంకా అన్యాయం. ఆమె ధర చెప్పింది, వీడు ఫోన్ తీశాడు. ఈ మనిషి పలకడేమని ఆమె కంగారుపడి ధర తగ్గించింది. వీడు నొక్కుతున్నాడు. "నష్టమైనా పరవాలేదు, పట్టన్నా" అని ఇంకా తగ్గించింది. అప్పుడు ఫోన్, "మీరు మొదట చెప్పిన ధర న్యాయంగా ఉంది. అర కిలో ఇవ్వండి" అంది. ఆ రోజు నుంచి శశికళ వీడి ముందు ధర ఒక్కసారి చెప్పి, నోరు మూసుకుని నిలబడుతుంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మునిరాజ్‌కు పెళ్లి కుదిరాక వీడి పిచ్చి ముదిరింది.

పిల్ల షర్మిల. మన తెలుగువాళ్లే. పట్టాభిరామ్‌లో మునిరాజ్ పనిచేసే కంపెనీలోనే పని. ఇద్దరూ ఇష్టపడ్డారు. బంగారంలాంటి పిల్ల, కానీ మాట తగులుకుంటుంది. పదిమంది చూస్తుంటే 'మ' దగ్గర తలుపు మూసుకున్నట్టు ఆగిపోతుంది. ఆగిన ప్రతిసారీ ఎవరో ఒకరు మాట అందిస్తారు, ఇంకొకరు మూతి తిప్పి నవ్వుతారు. అందుకని ఆ పిల్ల కూడా ఫోన్‌లో రాసి చూపించడం అలవాటు చేసుకుంది. దాన్ని చూసీ నవ్వేవాళ్లున్నారు.

మా ఇళ్లల్లో కొత్తకోడలు గడప దాటాలంటే మొగుడి పేరు చెప్పాలి. ఆడబిడ్డలు వాకిలి అడ్డగించి నిలబడతారు, ఊరంతా చూడటానికి వస్తుంది. షర్మిల వాళ్లక్క పెళ్లిలో ఎవరో షర్మిలను చూపించి, "దీని వంతు వచ్చినప్పుడు తెల్లారిపోతుంది" అన్నారట. ఆ పిల్ల మునిరాజ్‌తో తేల్చి చెప్పేసింది. రిజిస్టర్ ఆఫీసులో సంతకం పెడతాను, మీ గడప ముందు మాత్రం నిలబడను అని. మునిరాజ్ వచ్చి అది తండ్రికి చెప్పినప్పుడు నేనూ ఉన్నాను. మునిరత్నం ఆ రోజు ఫోన్ తియ్యలేదు. ఊరికే తల ఊపాడు.

మర్నాటి నుంచి ఊరిని పట్టుకున్నాడు. రేషన్ షాపులో వరస బారెడు ఉన్నప్పుడే వెళ్లి, ముందు నిలబడి రాయడం మొదలుపెడతాడు. బస్సులో కండక్టరు ముందు రాస్తాడు. తనకు సంబంధం లేని తగాదాలో దూరి రాస్తాడు. ఎవరైనా ఓపిక చచ్చి మాట అందిస్తే అయిపోయినట్టే. రాసినదంతా చెరిపేసి మొదటినుంచి మొదలుపెడతాడు.

"చక్కెరా మామా?" అన్నాడు రేషన్ షాపు శరత్‌కుమార్.

చెరిపేశాడు.

"ఎవడ్రా వాడు మధ్యలో మాట్లాడింది?" వెనక నుంచి పచ్చయ్యప్ప కేక. "మూసుకోని ఉండు. మళ్లీ మొదలు పెడతావుండాడు చూడు."

పెళ్లి వచ్చేసరికి కనకమ్మ సత్రంలో, ఎవరైనా ఫోన్ తీస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు చేతులు కట్టుకుని నిలబడే స్థితికి వచ్చారు.

షర్మిలను గడపదాకా ఒప్పించింది కోకిల. "నోరు రాకుంటే ఫోనుంది గదమ్మా. మీ మామ పెండ్లాం అదే" అని నవ్వించి, మునిరాజ్ చేత దాని ఫోన్‌లోనూ అదే ఎక్కించిందట. తిరుత్తణిలో తాళి కట్టించుకుని జంట ఇంటికి వచ్చింది. మునిరత్నం కూతురు భార్గవి వాకిలికి చెయ్యి అడ్డం పెట్టింది.

"పేరు చెప్తేనే దోవ. ఆడబిడ్డను, ఊరికే వదల్ను."

షర్మిల నోరు తెరిచింది. "మ" అంది. ఆగింది. మెడలో నరం బిగిసింది. ఆ పిల్ల సంచిలో తడుముకుని ఫోన్ తీసింది.

పెళ్లికూతురి వైపు పెద్దమనిషి జయరామ్ ఉండబట్టలేక, "మునిరాజ్ అని చెప్పమ్మా, ఎంతసేప..." అన్నాడు.

వీధి వీధంతా ఆయన మీదికి తిరిగింది.

"అయ్యా, నీకు దండం పెడతా, ఆగు" అన్నాడు పచ్చయ్యప్ప.

"మధ్యలో చెప్తే మళ్లీ మొదట్నించి రాయాల" అంది శశికళ, రొయ్యల గంప దించి మరీ.

అందరూ చేతులు కట్టుకున్నారు. ఒక్కరి మూతీ వంకర పోలేదు. షర్మిల తల ఎత్తి చూసింది. అంతమంది అంత తీరిగ్గా నిలబడటం చూసి దాని వేలు కుదుటపడింది. మెల్లగా రాసింది. ఫోన్ పలికింది.

"నా భర్త పేరు మునిరాజ్. వదినా, దయచేసి దారి ఇవ్వండి. చీర చాలా బరువుగా ఉంది."

నవ్వులు లేచాయి. షర్మిలే ముందు నవ్వింది. భార్గవి మాత్రం చెయ్యి తియ్యకుండా నావైపు చూసింది. "అత్తా, నోటితో చెప్తే గదా లెక్క? ఫోన్ చెప్తే చెల్లతాదా?"

నేను పెద్దదాన్ని, తీర్పు నాదే. "ఈ ఇంటి యజమాని ఏడాదిగా దాంట్లోనే మాట్లాడతావుండాడు. మీ నాయన మాట చెల్లదంటే చెప్పు, ఆ ఫోన్‌తోనే ఆయన మాట్లాడిన నీ పెండ్లి మాటలు కూడా రద్దు చేస్తాము" అన్నాను.

చెయ్యి తీసింది. షర్మిల కుడికాలు లోపల పెట్టింది.

ఆ సందడిలో నేను పెరట్లోకి వెళ్లాను. వంట పందిట్లో ఎవరో అరుస్తున్నారు. "ఒరే ఎలుమలై, సాంబారులో ఉప్పు యాడ పోయిందిరా? మీ నాయన తిన్నాడా?"

గొంతు కాస్త బొంగురు. కానీ పక్కవీధికి వినబడే గొంతే. వంటవాడు ఎలుమలై ముందు మునిరత్నం నిలబడి ఉన్నాడు. నన్ను చూసి జేబులో చెయ్యి పెట్టాడు.

"దాన్ని లోపలే ఉండనీ" అన్నాను. "గొంతు ఎప్పుడు వచ్చిందిరా?"

"నిశ్చితార్థానికి ముందే వచ్చిందక్కా."

"మరి ఊరిని ఎందుకురా ఇట్ల పీక్కు తిన్నావు?"

వాడు గరిటెతో సాంబారు కలిపాడు. "నేను ఫోన్ కింద పెడితే, ఊర్లో ఫోన్ పట్టుకోని మాట్లాడేది ఆ బిడ్డ ఒక్కటే అవతాది. అందరూ దాన్నే చూస్తారు. ఇప్పుడైతే నన్ను చూసి చూసి విసుగెత్తి ఉండారు గదా, దాన్ని చూసే ఓపిక యాడుంది వాళ్లకు?"

"ఇంక ఎన్నాళ్లు?"

అంతలో షర్మిల పెరట్లోకి వచ్చింది. మామను చూసి ఫోన్ తీసింది. వీడూ తీశాడు. ఇద్దరూ ఎదురెదురుగా తల వంచుకుని నొక్కుతున్నారు.

"మామా, అత్త మిమ్మల్ని పాయసం తినొద్దంటోంది. మీకు చక్కెర జబ్బు ఉంది కదా" అంది దాని ఫోన్.

"మీ అత్తగారికి చెప్పకండి. ఒక గిన్నె తీసుకురండి" అంది వీడి ఫోన్.

వాడి గొంతు గుట్టు ఇలా తెలుగులో రాయిస్తే బయటపడుతుందని నాకు భయం లేదు. షర్మిల ఇంగ్లీషు అక్షరాలు కొడితే ఫోనే తెలుగు చేసుకుంటుందట, ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. మా వీధి పిల్లలు అరవం తప్ప చదవరు. తెలుగులో రాసింది మా ఊర్లో ఇనప్పెట్టెలో పెట్టినట్టే.

షర్మిల మళ్లీ ఏదో రాయబోయి ఆగింది. "పెద్ద గిన్నెనా?" అని అడగబోతోందని నాకు తెలిసిపోయింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. అందించానంటే మొదటినుంచి రాస్తారు, ఇద్దరూ.