మూడు వంపుల కొండ

మా హిస్టరీ అంకుల్ పోయారన్న మెసేజ్ నేను పారమట్టా రైలులో ఉండగా వచ్చింది. పంపినవాడు మా తెలుగు సంఘం అధ్యక్షుడు. "సంఘానికి తీరని లోటు" అని రాశాడు. అది చదివి నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఈ నాలుగు మాటలూ ఆ మంటతోనే రాస్తున్నాను.

అంకుల్ గుంటూరులో చరిత్ర లెక్చరర్‌గా రిటైరై, ఈ దేశం వచ్చి స్కోఫీల్డ్స్‌లో కూతురి దగ్గర ఉండేవారు. శనివారం మధ్యాహ్నాలు కమ్యూనిటీ హాలులో మా పిల్లలకు రెండో శతాబ్దపు శాతవాహనుల గురించి చెప్పేవారు. ఆ రాజులు తమ పేరుకు ముందు తల్లి పేరు పెట్టుకున్నారు కదా, అంకుల్ హాజరు కూడా అలాగే పిలిచేవారు. మా అమ్మాయి ఆయనకు మాధవీపుత్రి. చివర్లో తన తల్లి పేరు కూడా చేర్చి "సుభద్రాపుత్ర, ప్రెజెంట్" అని తనే పలికి నవ్వేవారు. ఇంట్లో మేం అడిగితే ఇంగ్లీషులో బదులిచ్చే పిల్ల, అంకుల్ దగ్గర మాత్రం తెలుగే మాట్లాడేది. ఆ రుణం నాది.

ఆయనకు బాగా ఇష్టమైన పాఠం ఒకటుంది. గౌతమీపుత్ర శాతకర్ణి శత్రురాజు నహపానుణ్ణి ఓడించాక అతని మొహం ఉన్న వెండి నాణేలను పారేయలేదు. వాటి మీదే మూడు వంపుల కొండ గుర్తు కొట్టించి చలామణీ చేశాడు. అంకుల్ పిల్లల చేత బంగాళాదుంప ముక్క మీద ఆ కొండ చెక్కించి, ఇంకులో అద్ది, అట్టముక్కల మీద గీసిన మొహాలపై ముద్రలు వేయించేవారు.

"గట్టిగా నొక్కబాకండమ్మా. కింద నహపానుడి ఫేస్ కనపడాల. ఎవణ్ణి ఓడించామో తెలియొద్దా?" అనేవారు.

ఆయన ఏళ్ల తరబడి చేత్తో రాసుకున్న పాఠాలను టైప్ చేసింది నేనే. సంఘం తరఫున పుస్తకం వేస్తామని అధ్యక్షుడు అడిగితే మెయిల్ పెట్టిందీ నేనే. పుస్తకం వచ్చేసరికి అట్ట మీద రచయితగా అతని పేరు, అతని ఫొటో. లోపలెక్కడా అంకుల్ ఊసే లేదు. నిలదీస్తే, "నెక్స్ట్ ప్రింట్‌లో యాడ్ చేద్దాంలే మాధవిగారూ, దీన్ని ఇష్యూ చేయకండి" అన్నాడు.

అంకుల్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

"అతన్ని క్షమించేశారా అంకుల్?" అని అడిగాను.

"ఎందుకు క్షమిస్తానమ్మా? నాకంత మంచితనం లేదు. కాస్త టీ పెట్టు" అన్నారు.

నెక్స్ట్ ప్రింట్ రాలేదు. అంకుల్ వెళ్ళిపోయారు.

ఆదివారం అదే హాలులో సంతాప సభ. వచ్చినవాళ్ళకు పంచమని అధ్యక్షుడు ఆ పుస్తకాలే ముందుగా పంపించాడు. వాటిని బల్ల మీద సర్దే పని నాకు అప్పగించాడు. నేనూ మా అమ్మాయీ గంట ముందే వెళ్ళాం. సంచిలోంచి బంగాళాదుంప తీశాను.

"మామ్, ఆర్ వుయ్ అలౌడ్?" అంది.

"లేదు. నువ్వు నొక్కు, నేను పేరు రాస్తాను."

సభలో అధ్యక్షుడు మైకు ముందు నిలబడి, చూసుకోకుండానే దొంతరలో పైనున్న పుస్తకం తీసి అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు. అట్ట మీద నల్లటి మూడు వంపుల కొండ. దాని కింద నా చేతిరాతలో 'సుభద్రాపుత్ర'. మా అమ్మాయి పాఠం మర్చిపోలేదు, గట్టిగా నొక్కలేదు. కొండ వెనక అతని మీసం, నవ్వు, రెండు కళ్ళూ స్పష్టంగా కనబడుతూనే ఉన్నాయి.