మంగాదేవి ఆరుపాయల రొట్టె

మా వియ్యపురాలు మంగాదేవి తెనాలిలో ముప్ఫై ఏళ్లపాటు పెళ్లికూతుళ్లకు పూలజడలు కుట్టింది. ఆమె కుట్టిన జడతో ఒక పెళ్లికూతురు పీటల మీద నుంచి తిన్నగా విమానాశ్రయానికి వెళితే, తనిఖీ వాళ్లకు ఆ జడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అంతు చిక్కక, అమ్మాయికొకటీ జడకొకటీ రెండు బోర్డింగ్ పాసులిచ్చి పంపించారట. ఈ సంగతి ఎవరికి చెప్పినా నమ్మరు. విమానం నంబరు కూడా చెబుతాను, అయినా నమ్మరు.

అలాంటి చేతులు ఐర్లాండ్‌లోని డబ్లిన్ వచ్చి, క్లాండాల్కిన్‌లో మా అబ్బాయి వినీత్ ఇంట్లో ఖాళీగా కూర్చున్నాయి. కోడలు మృదుల డాక్టరు. వారంలో నాలుగు రోజులు స్లైగో అనే దూరపు ఊళ్లో, ఆసుపత్రిలోనే ఉంటుంది. వినీత్‌ది కంప్యూటరు ఉద్యోగం. ఇంట్లోనే ఉంటాడు గానీ ఉన్నట్టు లెక్క కాదు. ఏడేళ్ల వర్షితను చూసుకోవడానికి మంగాదేవి వచ్చింది. మంగాదేవి చూసుకోవడాన్ని చూడటానికి నేను వచ్చాను. వర్షిత జుట్టు మెడ దిగకుండా కత్తిరించి ఉంది. వచ్చిన మొదటి రోజే మంగాదేవి దువ్వెన పట్టుకుని పిల్ల వెనక కూర్చుని, అంగుళమున్నర జడ అల్లి, దాన్ని కాసేపు చూసి, వెళ్లి పడుకుంది.

ఇక్కడి మన తెలుగు తల్లిదండ్రులకు పిల్ల ఊరికే ఉండటం కంటే పెద్ద జబ్బు లేదు. సోమవారం ఈత, మంగళవారం చదరంగం, బుధవారం కూచిపూడి, గురువారం కోడింగ్, శుక్రవారం సంగీతం, శనివారం బొమ్మలు గీయడం. ఆదివారం ఒక్కటే ఖాళీగా ఉందని వినీత్‌కు నిద్ర పట్టేది కాదు. ఎక్కడ అడిగినా వెయిటింగ్ లిస్టే. చివరికి వర్షిత తరగతిలోని నయోమి అనే పిల్ల వాళ్లమ్మ చెప్పింది, మా కమ్యూనిటీ సెంటర్‌లో ఆదివారం ఫ్యామిలీ క్లబ్ ఉంది, ఇరుగుపొరుగు పిల్లలను కూడా చేర్చుకుంటారు అని. అది యూదుల సెంటర్. మట్టిబొమ్మలు, పాటలు, నాటకం, రొట్టెలు చేయడం, ఆఖరున అందరూ కలిసి భోజనం.

చేర్పించడానికి వెళ్లినప్పుడు అక్కడి పెద్దావిడ డోరీన్‌ను వినీత్ అడిగాడు, "పిల్లలు ఇక్కడ ఏం నేర్చుకుంటారండీ?"

డోరీన్‌కు ఎనభై ఏళ్లు. పుట్టిందీ పెరిగిందీ డబ్లిన్. ముప్ఫై ఏళ్లుగా ఆ వంటగది ఆమె చేతిలో ఉంది. "పక్కన కూర్చున్నవాణ్ణి గిల్లకుండా గంటసేపు కూర్చోవడం," అంది.

"సర్టిఫికెట్ ఇస్తారా?" అన్నాను నేను.

ఆవిడ నా వంక చూసింది. కాన్వెంటులో సిస్టర్ల ముందు నిలబడినప్పటిలాగా నేను నా బూట్ల వంక చూసుకున్నాను.

మంగాదేవి అక్కడి మనిషి కావడం రెండో ఆదివారం జరిగింది. శుక్రవారం సాయంత్రం యూదుల ఇళ్లలో తినే జడరొట్టె ఒకటుంది. పిండిని పాయలుగా సాగదీసి, జడలా అల్లి కాలుస్తారు. ఆ రోజు పిల్లలకు అది నేర్పుతున్నది ఒక కాలేజీ కుర్రాడు. పెద్దవాళ్లందరం వరండాలో కూర్చున్నాం. మంగాదేవి తలుపు సందులోంచి చూస్తోంది.

"అన్నయ్యగారూ, అది జడా? ఎలుక తోక కాదూ?"

"మనకెందుకు చెల్లెమ్మగారూ. వాళ్ల రొట్టె, వాళ్ల తోక."

"నా వల్ల కాదండీ," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. చేతులు కడుక్కుని, పిండిలో గుడ్డు లేదు కదా అని వర్షిత చేత అడిగించి, ఆరు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. నేను గడియారం చూశాను. పద్నాలుగు సెకన్లు. ఆ కుర్రాడు రొట్టె వంక చూసి ఏప్రన్ విప్పి ఆమెకిచ్చేశాడు. మర్నాటి నుంచి కాలేజీకి వెళ్లడం కూడా మానేశాడని విన్నాను.

డోరీన్ వచ్చి ఆ రొట్టెను నాలుగు వైపుల నుంచీ చూసింది. "ఎవరు చేశారిది?"

"మా అమ్మమ్మ," అంది వర్షిత ఇంగ్లీషులో. "ఆమె ఇండియాలో ఫేమస్, లైక్."

డోరీన్ మంగాదేవిని వంటగదిలోకి తీసుకెళ్లి నియమాలు చెప్పింది. ఎర్రగుర్తు గిన్నెలు మాంసానికి, నీలిగుర్తు గిన్నెలు పాలకు. సింకులు కూడా వేరు. రెండూ ఎప్పుడూ కలవకూడదు. ఇది కోషర్ వంటగది, అంటే వాళ్ల మడి వంటగది. బయటి నుంచి తినే వస్తువేదీ గడప దాటి లోపలికి రాకూడదు. వర్షిత తెలుగులో చెబుతుంటే మంగాదేవి ప్రతి దానికీ తల ఊపింది. ఇంటికి వచ్చేటప్పుడు కార్లో, "పాపం, మాంసం తినేవాళ్లు కదా, అన్ని జాగ్రత్తలు పడాలి. మనకా బాధ లేదు," అంది. వినీత్ కూడా అవునన్నాడు. నేనూ అవునన్నాను. శాకాహారులమన్న ధీమా ఎంత గొప్పదంటే, దాన్ని వేసుకున్నాక ఇంకే నియమమూ ఒంటికి అంటదు.

ఆ తర్వాతి ఆరు వారాలు మంగాదేవిని పట్టడం కష్టమైంది. ఆమె ఏప్రన్ మీద హెల్పర్ అని బిళ్ల. ఆ బిళ్లతోనే తెనాలికి వీడియో కాల్. పిల్లలు వరసలో నిలబడి ఆమె చేతులు చూసేవాళ్లు. ఆమె తెలుగులో చెప్పేది, వాళ్లు ఇంగ్లీషులో వినేవాళ్లు, రొట్టె మాత్రం సరిగ్గా వచ్చేది. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర నాతో అంది, "అన్నయ్యగారూ, ఈ దేశంలో నన్ను అమ్మమ్మ అనో అత్తయ్య అనో కాకుండా, మంగా అని పిలిచే చోటు అదొక్కటే." ఆమె అలా మనసు విప్పి మాట్లాడటం నేను అంతకు ముందెప్పుడూ వినలేదు, అందుకని పరాచికం ఆడలేదు.

మేలో ఫ్యామిలీ డే వచ్చింది. నూట ఇరవై మంది భోజనం. నలభై మంది పిల్లలు, ఒక్కొక్కరికి తన చేత్తో అల్లిన సొంత రొట్టె. అల్లిక మొత్తం మంగాదేవి అజమాయిషీ. ఇది సవ్యంగా జరిగితే సెప్టెంబరు నుంచి ఆ తరగతి పూర్తిగా ఆమెకే అప్పగిస్తానని డోరీన్ ముందే చెప్పింది. మా వాట్సాప్ గ్రూపుల్లో ఆమె అప్పటికే ప్రొఫెసరు.

రొట్టెలన్నీ అల్లడం అయింది. కాల్చే ముందు పైన మెరుపు కోసం గుడ్డుసొన పూస్తారు. మంగాదేవి పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టుకోలేదు. ప్రతివారం సొన పూసే సమయానికి ఆమె ఆకాశం చూడటానికి కిటికీ దగ్గరికి వెళ్లేది, వేరే ఎవరో పూసేవాళ్లు. ఆ రోజు అందరూ హాల్లో కుర్చీలు వేయడానికి పోయారు. ఓవెన్ కాగి ఉంది. నలభై రొట్టెలు ఎదురుగా. గిన్నెలో గుడ్డుసొన, దాని మీద బ్రష్షు. ఆమె ఆ గిన్నెను చూసింది. తన చేతిసంచి చూసింది. సంచిలో, వర్షిత అన్నంలోకని ఎక్కడికెళ్లినా వెంట ఉండే నెయ్యిసీసా ఉంది.

నేను ఆ సమయానికి వంటగది గుమ్మంలోనే ఉన్నాను. ఆమె కొత్త బ్రష్షు తీసి, ఇంట్లో కాచిన నెయ్యి నలభై రొట్టెలకూ శ్రద్ధగా పూస్తుంటే, "మంచి పని చేశారు చెల్లెమ్మగారూ, పిల్లలకు బలం," అన్నాను. ఆ మాట నేను అనలేదని తర్వాత చాలామందికి చెప్పాను.

రొట్టెలు ఓవెన్‌లోకి వెళ్లిన ఇరవై నిమిషాల్లో వాసన బయలుదేరింది. ఆ వాసనకు కార్ పార్కులో ఆగి ఉన్న కార్లు ఒక అడుగు ముందుకు జరిగాయి. హాల్లో జనం తలలెత్తారు. డోరీన్ అప్పుడు పిల్లలను నేల మీద కూర్చోబెట్టి రొట్టె గురించి చెబుతోంది. ఈ రొట్టెలో పాలు, వెన్న ఎందుకు వేయమో తెలుసా? ఎందుకంటే పక్కనే కోడిసూపు ఉంటుంది. రొట్టెకు వెన్న తగిలితే దాన్ని ఈ బల్ల మీద తినడానికి లేదు. కాల్చిన ఓవెన్ కూడా మళ్లీ శుద్ధి చేసేదాకా పనికిరాదు.

మంగాదేవి వర్షిత భుజం తట్టింది. "ఏమంటోందే? వెన్నంటే నెయ్యి కూడానా?"

"ఘీ ఈజ్ బటర్, అమ్మమ్మా. యూ మేడ్ ఇట్ ఫ్రమ్ బటర్."

ఆమె లేచి వరండాలోకి వచ్చింది. నేనూ వినీత్ అక్కడే ఉన్నాం. సంగతి చెప్పింది. వినీత్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అత్తయ్యా, ఎవరికీ చెప్పకండి. ఎవరికి తెలుస్తుంది? నెయ్యేగా, విషం కాదు. చెబితే నూట ఇరవై మంది ముందు పరువు పోతుంది. వర్షిత సీటు కూడా పోతుంది. మళ్లీ వెయిటింగ్ లిస్టు."

"అది కొబ్బరినూనె అని చెబుదాం," అన్నాను. "మా తాతగారు కొబ్బరినూనెలోంచి నెయ్యి వాసన తెప్పించేవారని నేను సాక్ష్యం చెబుతాను."

మంగాదేవి నా మాట వినిపించుకోలేదు. అల్లుణ్ణే చూసింది. "నేను ముట్టనిదేదో ఎవరైనా నా కంచంలో కలిపేసి, తెలియదులే, తింటుందిలే అనుకుంటే? అప్పుడు నేనేమనాలి బాబూ?"

వినీత్ గోడ మీది నోటీసులు చదవడం మొదలుపెట్టాడు. వర్షిత పోయిన పుట్టినరోజుకు ఎగ్‌లెస్ అని చెప్పి ఆమెకు రెండు ముక్కలు తినిపించిన కేకు సంగతి వాడికీ నాకూ మాత్రమే తెలుసు.

ఆమె ఏప్రన్ విప్పి మడిచింది. దాని మీద బిళ్ల పైకి కనిపించేలా పెట్టి, డోరీన్ దగ్గరికి నడిచింది. మేమిద్దరం రెండడుగులు వెనకే వెళ్లాం, మాట సాయానికి కాదు, చూడటానికి.

"డోరీన్," అంది మంగాదేవి తనకొచ్చిన ఇంగ్లీషులో. "ఐ పుట్ ఘీ. బటర్. ఫ్రమ్ మై హౌస్."

"ఎన్నిటికి?"

"ఆల్."

డోరీన్ దగ్గర్లో ఉన్న పిల్లల కుర్చీలో కూర్చుంది. తర్వాత వర్షితను పిలిచి, ఎందుకు పూశావని అడగమంది. వర్షిత అడిగింది. మంగాదేవి గుడ్డు గురించి చెప్పింది.

"గుడ్డు ముట్టుకోవా?" అంది డోరీన్. "ఇన్ని వారాలు కిటికీలోంచి చూసింది అందుకా? వాన పడుతుందేమోనని చూస్తున్నావనుకున్నాను."

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. ఓవెన్ ఆపేశారు. రొట్టెలన్నీ ట్రేలతో సహా వరండాలోకి వెళ్లాయి. నలభై మంది పిల్లలు ఒక్కసారి ఏడ్చారు. వాళ్ల పండుగనాడు మిగిలిన పులియని రొట్టెల అట్టపెట్టెలు డోరీన్ అలమరాలోంచి తీయించింది. నూట ఇరవై మంది ఆ ఎండు రొట్టెలు కరకర నములుతూ సూపు తాగారు. ఆ చప్పుడులో ఎవరు ఎవరిని తిడుతున్నారో వినపడలేదు, అదొక్కటే మేలు.

రొట్టెలు భవనం లోపల తినకూడదు, ఎవరి బిడ్డ అల్లింది వాళ్లు పట్టుకుపోయి ఏం చేసుకుంటారో వాళ్లిష్టం అంది డోరీన్. భోజనాలయ్యాక నేను కార్ పార్కులో కాస్త నడుద్దామని వెళ్లాను. ప్రతి కారుకీ అద్దాలు మూసి ఉన్నాయి. లోపల పెద్దమనుషులు, సొంత బిడ్డ కళాకృతిని పరిశీలించడం కోసమే అన్నట్టు తలలు వంచుకుని ఉన్నారు. అద్దాల మీద ఆవిరి. ఒకాయన అద్దం కిందికి దించి, "ఆ నెయ్యి ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగి మళ్లీ ఎత్తేశాడు. ఆ పక్కనే మా తెలుగువాళ్ల కార్లో, ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగని దంపతులు, సూపులోంచి దాచి తెచ్చుకున్న కోడిముక్కతో ఆ రొట్టె తింటున్నారు. నేను రెండు వైపులా నమస్కారం పెట్టాను.

మర్నాడు కమిటీ కూర్చుంది. ఇద్దరు మంగాదేవిని తీసేయాలన్నారు. సెప్టెంబరు తరగతి ఆమెకు ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు, డోరీన్ కూడా. ఆ మాట డోరీనే ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. ఓవెన్ ఒక రోజంతా వాడకుండా వదిలేసి, తర్వాత గరిష్ఠ వేడిలో గంటల తరబడి కాల్చాలి, దగ్గర ఒకరుండాలి, మంగళవారం ఎనిమిదింటికి రమ్మంది.

మంగాదేవి వెళ్లింది. ఇద్దరూ ఓవెన్ లోపల తోమి, మండించి, ఎదురుగా చెరో కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు. భాష రాని ఇద్దరాడవాళ్లు ఏం మాట్లాడుకుని ఉంటారా అని నేను అడిగాను.

"అత్తగార్ల గురించి," అంది మంగాదేవి.

లేచేముందు డోరీన్ ఆమెతో అందట: "ముప్ఫై ఏళ్లుగా ఈ గుమ్మంలో నిలబడి, బయటి నుంచి ఏమైనా తెచ్చారా అని అడుగుతున్నాను. అందరూ లేదనే అంటారు. తెచ్చానని నా దగ్గరికి నడిచొచ్చి చెప్పినదానివి నువ్వొక్కతివే." అని ఏప్రన్ తిరిగిచ్చింది. పిండి మీద చెయ్యి వేయడానికి కాదు, గుమ్మంలో నిలబడటానికి.

ఇప్పుడు ప్రతి ఆదివారం మంగాదేవి వంటగది గుమ్మంలో ఉంటుంది. పెళ్లివారి సామాన్లు తనిఖీ చేసే ఆడపడుచులా సంచులు, జేబులు, పిల్లల టోపీలు అన్నీ చూస్తుంది. కమిటీలో ఆమెను తీసేయాలన్న పెద్దాయన కోటుజేబులో సగం తిన్న చాక్లెట్ దొరికింది. ఆయన ఇప్పుడు గుమ్మంలో ఆమె ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని వస్తున్నాడు. పోయిన వారం డోరీన్ పాలు పోసిన టీకప్పు పట్టుకుని, ఏదో ఆలోచిస్తూ మాంసం గిన్నెలు కడిగే ఎర్రగుర్తు సింకు వైపు నడిచింది.

"డోరీన్," అంది మంగాదేవి, గొంతు పెంచకుండా.

డోరీన్ ఆగి, కప్పు చూసుకుని, నీలిగుర్తు సింకు దగ్గరికి వెళ్లి కడుక్కుంది.