జపాన్ నీళ్ళూ, మా మావగారి పేరూ

ఆ రోజుల్లో నేను చాలా ధైర్యం గలదాన్నని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఏడో తరగతితో బడి మానేసి, పెళ్ళయి కెనడా వచ్చి, కేంబ్రిడ్జ్‌లో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో పాకింగ్ లైను మీద నిలబడి, మంచులో కారు నడపడం నేర్చుకుని, ఆ పైన గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే లైసెన్సు కూడా తెచ్చుకున్నదాన్ని. ఇక నేను చెయ్యలేని పని ఏముంటుందిలే అనుకునేదాన్ని. ఒకటి ఉందని జపాన్‌లో తెలిసింది. కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో, వేన్నీళ్ళ స్నానాల ఇంటి గుమ్మంలో, ఒక్క మాట అనమంటే అనలేక, నోరు తెరిచి మూసి, మళ్ళీ తెరిచి, చేపలా నిలబడ్డాను. పక్కన మా అత్తగారు. ఇదంతా ఆవిడ మోకాళ్ళ కోసం జరిగిన కథ.

ఆ ఏడు మావగారిని ఇండియాలోనే వదిలి, అత్తగారు మా దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చారు. వచ్చింది చలికాలం. ఆవిడ మోకాళ్ళు అసలే అంతంత మాత్రం, కేంబ్రిడ్జ్ చలికి పూర్తిగా మొరాయించాయి. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి, కింద కూర్చోవడం మాట అడగనే అక్కర్లేదు. సరిగ్గా అప్పుడే ఇండియాలో మా మరిదికి సంబంధం కుదిరింది. ముహూర్తం పెట్టారని ఫోను రాగానే అందరం సంతోషపడ్డాం, ఆవిడ మాత్రం కిటికీ దగ్గరకి వెళ్ళి నిలబడ్డారు. "పీటల మీద ఎలా కూర్చుంటానురా?" అన్నారు కొడుకుతో. మా ఆయన, "దానికేముందమ్మా, కుర్చీలు వేయిస్తారు. ఈ మధ్య అందరూ కుర్చీల్లోనే కూర్చుంటున్నారు" అన్నారు. "నా కొడుకు పెళ్ళిలో నేను కుర్చీలో కూర్చుంటే, భోజనానికి వచ్చినదానిలా ఉంటాను. మీ పెదనాన్ననీ పెద్దమ్మనీ కూర్చోమను. ఆవిడకి మోకాళ్ళు బాగానే ఉన్నాయి" అన్నారు ఈవిడ. (తోడికోడళ్ళిద్దరికీ ముప్ఫై ఏళ్ళుగా పైకి చెప్పుకోని పోటీ ఉంది. ఆ పీట వదులుకోవడం అంటే ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు.) ఆ మాట అన్నాక రెండు రోజులు ఆవిడ అన్నం కెలికి లేచారు. నేను అప్పుడే నిర్ణయించుకున్నాను, పెళ్ళిలో ఈవిడ పీట మీద కూర్చుని తీరాలి. ఎలా అన్నది నాకూ తెలియదు.

ఎలాగో చెప్పింది మా పాకింగ్ లైను మీద ఉండే జపాన్ పెద్దమ్మ. అరవై దాటిన మనిషి, చేత్తో బిస్కెట్ పట్టుకుంటే అది విరగడం నేను చూడలేదు. వాళ్ళ పుట్టింటి వైపు కొండల్లో వేన్నీళ్ళ ఊటలున్న ఊరు ఒకటుందట. భూమిలోంచే వేడిగా వస్తాయట నీళ్ళు. "మా నానమ్మ కర్ర పట్టుకుని వెళ్ళి, కర్ర అక్కడ మర్చిపోయి వచ్చింది" అంది. నాకు ఇంకేం కావాలి. మా ఆయన మామూలుగానే, "వేడినీళ్ళు వేడినీళ్ళే. ఇక్కడ టబ్బులో కూర్చోబెట్టు, హీటరు పెంచుతాను" అన్నారు. నేను వారం రోజులు వదల్లేదు. ఎలాగూ పెళ్ళికి ముగ్గురం వెళ్ళాలి, టోక్యో మీదుగా వెళ్ళే టికెట్లు ఉన్నాయి, మధ్యలో రెండు రోజులు ఆగితే చాలు. చివరికి ఆయన, "సరే, వీసా కాగితాలు నింపుతాను, కానీ నీళ్ళు పని చెయ్యకపోతే నన్ను అనకూడదు" అని ఒప్పుకున్నారు. (పని చేస్తే మాత్రం ఆయన గొప్పే అన్నమాట.)

పెద్దమ్మ నాకు జాగ్రత్తలన్నీ చెప్పి పంపింది. ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళంతా శుభ్రంగా కడుక్కోవాలి, తర్వాతే తొట్టిలో దిగాలి. ఆ తొట్టిలోకి మనిషి తప్ప ఏదీ దిగకూడదు. సబ్బు దిగకూడదు, నూనె దిగకూడదు, బట్ట కూడా దిగకూడదు. నువ్వుల నూనె సీసా, సున్నిపిండి డబ్బా అత్తగారి సంచీలోంచి నేనే తీసి ఇంట్లోనే పెట్టేశాను, దానికి ఆవిడ అలిగారు. బట్టల సంగతి మాత్రం టోక్యో నుంచి ఆ ఊరికి వెళ్ళే బస్సులో చెప్పాను, దిగిపోవడానికి వీలుండదని.

"ఒంటి మీద ఏమీ ఉండకూడదటండీ" అన్నాను మెల్లగా.

ఆవిడ కిటికీలోంచి కొండల వంక తిరిగారు. "అందరూ అంతేనా?" అన్నారు.

"అందరూనండీ. ఆడవాళ్ళ వైపు ఆడవాళ్ళే."

"సరేలే. ఇద్దర్ని కన్నదాన్ని, ఆసుపత్రిలో ఎవరెవరు చూశారో ఏం తెలుసు" అని, కొంగు సర్దుకుని, "నువ్వు మాత్రం అటు తిరుగు" అన్నారు.

నా గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. ఇంక అడ్డేముందిలే అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

ఊరు భలేగా ఉంది. రోడ్డు పక్క కాలవల్లోంచి పొగలు, చెక్క ఇళ్ళ మధ్య పొగలు, ఒక మూల నేల మీద ఉన్న గుంటలో బుట్టతో కోడిగుడ్లు ఉడకబెడుతున్నారు. జనం నూలు అంగీలు వేసుకుని, చెక్క చెప్పులతో టకటకమంటూ స్నానానికి పోతున్నారు. "ఊరంతా ఒక్కటే వంటిల్లులా ఉందే" అన్నారు అత్తగారు ముక్కు మూసుకుంటూ (ఆ నీళ్ళకి గంధకం వాసన). బస్సు రోజుకి రెండే. మేం దిగింది మధ్యాహ్నం, మర్నాడు పొద్దున్న బస్సు ఎక్కకపోతే విమానం అందదు. అంటే మాకున్నది ఆ ఒక్క సాయంత్రం.

స్నానాల ఇంటికి రెండు తెరలు. నీలం తెర మగవాళ్ళది, ఎర్ర తెర ఆడవాళ్ళది. మా ఆయన, "నీళ్ళు ఎలా ఉన్నాయో చూసి చెబుతా" అని మమ్మల్ని వదిలేసి నీలం తెర వెనక్కి పోయారు. గుమ్మంలో బల్ల వెనక ఒక బామ్మగారు కూర్చుని ఉన్నారు, ఎనభై ఉంటాయి. నవ్వుతూ తువ్వాళ్ళు ఇస్తూ, అత్తగారి చెయ్యి చూసి నవ్వు ఆపేశారు. గోడ మీద బొమ్మ చూపించారు. పచ్చబొట్టు ఉన్న చెయ్యి, దాని మీద ఎర్రగీత. "టాటూ నో."

పెద్దమ్మ అన్నీ చెప్పింది, ఇదొక్కటి చెప్పలేదు. ఆ దేశంలో పచ్చబొట్లు పొడిపించుకునేది రౌడీ ముఠాల వాళ్ళని, అందుకే స్నానాల ఇళ్ళలోకి రానివ్వరని నాకు తర్వాత తెలిసింది. మా అత్తగారి ముంజేతి మీద ఏముంది? కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు తిరునాళ్ళలో పొడిపించుకున్న మావగారి పేరు. దాని కింద, తేలు కుట్టకుండా ఉండాలని, ఒక చిన్న తేలు.

బామ్మగారు మంచావిడే. ఆలోచించి, బల్ల సొరుగులోంచి ఒంటి రంగులో ఉన్న పెద్ద ప్లాస్టరు ఒకటి తీసి, దాని మీద అంటించమని సైగ చేశారు. నేను హమ్మయ్య అని అందుకోబోయాను. అత్తగారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"ఆయన పేరు మీద ప్లాస్టరా? నిక్షేపంలా మనిషి అక్కడ పెళ్ళి పనులు చూసుకుంటుంటే?"

"పావుగంటేనండీ."

"ఒక్క నిమిషం కూడా కాదు. కావాలంటే తేలు మీద వెయ్యమను."

ఈ మాటలు బామ్మగారికి అర్థం కాలేదు గానీ, వద్దంటున్నామని అర్థమయింది. ముఖం ఇంకా మారింది. వేలు పెట్టి ఆ అక్షరాలు చూపించి, "నేమ్?" అన్నారు. పేరేనా, ఎవరిది అని.

ఎంత తేలిక ప్రశ్న. నేను అత్తగారి వంక చూశాను, అత్తగారు నా వంక చూశారు. ఆవిడ భర్త పేరు ఆవిడ అనరు. మావగారి పేరు నేను అనను. పేపరు కుర్రాడు వచ్చి ఎవరిల్లని అడిగినా, ఆవిడ పక్కింటావిణ్ణి పిలిచి చెప్పించే మనిషి. నేను "హస్బెండ్, హస్బెండ్" అన్నాను. ఆ మాట బామ్మగారికి రాదు. సరేనని అత్తగారి చేతిసంచీలోంచి మావగారి ఫోటో తీసి చూపించాను. మావగారివి బుర్ర మీసాలు, ఫోటో అంటే కళ్ళు ఉరిమి చూస్తారు. బామ్మగారు ఫోటో చూసి కొంచెం వెనక్కి జరిగి, "బాస్?" అన్నారు. (ఒక రకంగా నిజమే.) నేను తల ఊపాలో వద్దో తెలియక అడ్డంగానూ నిలువుగానూ ఊపాను.

మా ఆయన ఉంటే ఒక్క క్షణంలో చెప్పేస్తారు కదా అని నీలం తెర దగ్గరకి వెళ్ళి "ఏవండీ" అని పిలిచాను. జవాబు లేదు. ఇంకా గట్టిగా "ఏవండీ" అన్నాను. లోపల్నుంచి ఎవరో జపాన్ తాతగారు ఏదో అన్నారు, మా ఆయన కాదు. అప్పుడు నాకు ఇంకో తెలివైన ఆలోచన వచ్చింది. నోటితో అనకపోతే మానె, రాస్తే తప్పు లేదు కదా. బల్ల మీద కాగితం తీసుకుని మావగారి పేరు గుండ్రంగా తెలుగులో రాసిచ్చాను. (నాకు వచ్చింది అదే కదా.) బామ్మగారు కాగితం చూశారు, అత్తగారి చెయ్యి చూశారు, రెండూ ఒకే గుర్తులు. అప్పుడు నన్ను చూశారు. ఆ చూపుతో నేను కూడా ముఠాలో చేరిపోయాను. ఆవిడ చెయ్యి మెల్లగా టెలిఫోను వైపు జరిగింది.

"పోదాం పద" అన్నారు అత్తగారు. "నాకు రాసిపెట్టి లేదు. కుర్చీలోనే కూర్చుంటాను." ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. సగం భూగోళం తిప్పి తీసుకొచ్చి, నీళ్ళకి పది అడుగుల దూరంలో నిలబెట్టి, వెనక్కి తీసుకుపోవడమా? నేనే అనేద్దాం, కళ్ళు పోతే పోతాయి అని ఊపిరి పీల్చి నోరు తెరిచాను. మొదటి అక్షరం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఫోర్క్‌లిఫ్ట్ మీద పెద్ద పెద్ద బరువులు ఎత్తేదాన్ని, నాలుగక్షరాలు ఎత్తలేకపోయాను.

అత్తగారు నన్ను చూశారు. "నువ్వు అనకు" అన్నారు. కొంగు నిండుగా కప్పుకున్నారు. మంగళసూత్రాలు కళ్ళకద్దుకున్నారు. ఫోటో పక్కన చెయ్యి ఆనించి, బామ్మగారి కళ్ళలోకి చూస్తూ, మావగారి పూర్తి పేరు ఇంటిపేరుతో సహా అన్నారు. మెల్లగా కాదు, హాజరు పిలిచినట్టు అన్నారు. అని, చెవుల దాకా ఎర్రబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

బామ్మగారికి ఏ భాషా అక్కర్లేకపోయింది. ఆ ముఖం చూసి అంతా తెలిసిపోయింది. ఫోటో అందుకుని మావగారిని మళ్ళీ చూసి, ఆ పేరును తన నోటికి పట్టినట్టు పలికి, చివర "సాన్" అని చేర్చి, ఫోటోకి వంగి దండం పెట్టారు.

"సాన్ అంటే ఏమిటే?" అన్నారు అత్తగారు కంగారుగా.

"మన గారు లాంటిదేనండీ. మా ఫ్యాక్టరీ పెద్దమ్మ చెప్పింది."

"అయితే ఫరవాలేదు" అన్నారు.

బామ్మగారు మమ్మల్ని ఎర్ర తెరలోకి పంపలేదు. నియమం నియమమే. వెనకాల తమ ఇంటివాళ్ళ కోసం కట్టుకున్న చిన్న తొట్టి దగ్గరకి తీసుకెళ్ళి, మాకు వదిలేసి, తలుపు వేసి వెళ్ళిపోయారు. "కళ్ళు మూసుకో" అన్నారు అత్తగారు. "మీరూ మూసుకోండి" అన్నాను. ఇద్దరం కళ్ళు మూసుకుని వెళ్ళి ఒకళ్ళ తలకి ఒకళ్ళు తల కొట్టుకుని, ఇంక నవ్వాపుకోలేక దిగిపోయాం. మెడ దాకా నీళ్ళు. చాలాసేపటికి అత్తగారు కళ్ళు మూసుకునే ఆ పేరు ఇంకోసారి అన్నారు, ఊరికే, రుచి చూస్తున్నట్టు. మళ్ళీ ఒకసారి.

"నేనూ అననా?" అన్నాను.

"తంతాను" అన్నారు.

ఆ సాయంత్రం రెండుసార్లు, మర్నాడు తెల్లవారగానే ఒకసారి, బస్సు వచ్చేదాకా నేను ఆవిణ్ణి నీళ్ళలోంచి రానివ్వలేదు. పెళ్ళిలో ఆవిడ పీట మీద కూర్చున్నారు. నీళ్ళ మహిమో, తోడికోడలు ఎదురుగా కూర్చున్న మహిమో నేను చెప్పలేను. లేపడానికి మాత్రం నలుగురు కావలసి వచ్చింది. గృహప్రవేశం వేళ ఆడపడుచుల వరసవాళ్ళు గుమ్మానికి అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితే గానీ లోపలికి రానివ్వం అంటే, కొత్త కోడలు సిగ్గుతో తల ఎత్తలేదు. "చెప్పమ్మా, ఏమీ కాదు. నేను జపాన్‌లో చెప్పాను" అన్నారు అత్తగారు. మావగారు తెల్లబోయి చూశారు. ఆ తర్వాత ఎన్నేళ్ళో, ఫోను చేసినప్పుడల్లా, "అమ్మాయ్, నిజంగా అందా? గట్టిగానే అందా?" అని నన్ను అడుగుతూనే ఉండేవారు. ఆవిడ నోట ఆయన మాత్రం ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు ఆయన లేరు. అత్తగారు మాతోనే, కెనడాలోనే మేం తర్వాత మారిన మిల్టన్ అనే ఊళ్ళో ఉంటున్నారు. మొన్న ఏదో ఫారం నింపుతూ ఫోనులో అమ్మాయి మావగారి పేరు అడిగితే, ఇంత వయసొచ్చిన నేను ఫోను నా కూతురి చేతికిచ్చాను. "ఇట్స్ జస్ట్ ఎ నేమ్, మమ్మీ" అంది అది. (ఇక్కడ కూడా ఆ పేరు ఎత్తకుండానే ఇంత కథా చెప్పుకొచ్చానని మీరు గమనించే ఉంటారు.) నవ్వొచ్చింది, పర్సులో రెండు లైసెన్సులు పెట్టుకుని ఆ గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడ్డ ఆనాటి ధైర్యవంతురాలు గుర్తొచ్చి. చలికాలం సాయంత్రాలు అత్తగారిని టబ్బులో వేన్నీళ్ళలో కూర్చోబెట్టి, తువ్వాలు పట్టుకుని తలుపు బయట నిలబడతాను. పంపు ఆగాక, ఒక్కోసారి లోపల్నుంచి ఆ పేరు వినబడుతుంది, చివర సాన్‌తో సహా. నేను తలుపు కొట్టను. నీళ్ళు చల్లారేదాకా ఆగుతాను.