ఒంటి మేజోడులో అడవి చిలకముక్కు

హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరమ్మకు జరిగిన అన్యాయం చిన్నదేమీ కాదు. నెలల తరబడి కంటికి రెప్పలా కాపాడుకున్న విత్తనాలను, ఉతుకు మిషన్ తిప్పే తమ్ముడు సబ్బునీళ్లలో ఉడకబెట్టేశాడు. సొంత తమ్ముడు కాదు, వరస కలుపుకున్నవాడు.

వాన వదలని కొండ అడవిలో, నాచు పట్టిన బండ మీద ఆమెకు దొరికిన అడవి చిలకముక్కు మొక్క విత్తనాలవి. మరుసటి నెలలోనే ఆ వాలంతా తవ్వి రోడ్డు వేసేశారు. ఇంటికి తెచ్చిన మొక్క వాడిపోతుంటే ఆమె లాండ్రీ కిటికీలో పెట్టింది. ఆవిరి తగిలిందో లేదో, లేచి కూర్చుంది! తోకలున్న గులాబీరంగు పూలు విరగబూసింది. మనుషులకన్నా దుప్పట్లకే మర్యాద ఎక్కువైన ఆ గదిలో అందరి కళ్లూ దాని మీదే.

చిక్కల్లా కాయలతోనే. పండిన కాయను ముట్టుకుంటే చాలు, టప్పున పేలి గింజల్ని గదంతా విసిరికొడుతుంది. అందుకే ఆవిరమ్మ, జోడు తప్పిన పల్చటి మేజోళ్లు ఏరి కాయలకు తొడిగి, దారంతో మూతి కట్టింది. ఉతకాల్సినవి ఎవరో అక్కడ తగిలించారనుకున్నాడు తమ్ముడు. అలవాటు కొద్దీ కాయలతో సహా లాగి మిషన్‌లో పడేశాడు.

“కళ్లు నెత్తికెక్కాయట్రా? చెట్టు ఊరికే మేజోళ్లు తొడుక్కుంటుందా?”

“ఇక్కడ దిగేవాళ్ల కుక్కలకే చొక్కాలున్నాయక్కా, చెట్టు సంగతి నాకేం తెలుసు!”

ఆమె నవ్వలేదు. ఒక్కసారి కాసి ఎండిపోయే జాతి అది. మొదలు అప్పటికే పసుపు తిరుగుతోంది. ఆకు చాటున ఒకే ఒక్క పచ్చికాయ మిగిలింది.

ఇక చూడాలి హడావుడి! ఆ కాయకు మేజోడు తొడిగి, కిటికీ దరిదాపులకు ఎవర్నీ రానివ్వలేదు. తుమ్మొస్తే చాలు, తమ్ముడు ముక్కు పట్టుకుని బయటికి పరుగు. కాయ ఉబ్బింది. తోలు పల్చబడింది. ఒక మధ్యాహ్నం మేజోడు ఉన్నట్టుండి ఎగిరిపడింది.

“పేలిందిరోయ్!”

ఇస్త్రీ పెట్టె వదిలేసి ఆవిరమ్మ ఒక్క దూకు దూకింది. మేజోడు విప్పితే గోధుమరంగు గింజలు! అందరూ అరచేతి మీదికి వంగిపోయారు. కాలిన వాసన వచ్చేదాకా దుప్పటి ఎవరికీ గుర్తు రాలేదు.

దుప్పటికి ఇస్త్రీ పెట్టంత కన్నం. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు.

కొన్నాళ్లకు తమ్ముడు ఆమెకు బస్టాపులో కనిపించాడు. వాడు తల వంచుకుని, “అంతా నా వల్లే కదక్కా” అని గొణిగాడు. ఆమె వాడి చెయ్యి పట్టి లాగింది.

“నీ ఏడుపు తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగానీ, ముందు మా ఇంటికి పద. మొలిచాయిరా! వేణ్ణీళ్ల గిన్నె పక్కన పెట్టా, రెండేసి ఆకులేశాయి. బస్సు పోతే పోనీరా, నడు!”