దూఫీ కలిపిన ఆకులు

మా అక్వాపిమ్ కొండమీద మలేరియాకు నిబిమా వేరు కాచి ఇవ్వడంలో దూఫీని మించినవాళ్లు లేరని ముప్పై ఏళ్లపాటు అందరూ అన్నారు. దూఫీకీ, చెల్లెలు న్యార్కొవాకీ ఆ వైద్యం నేర్పింది తల్లే. పోయిన ఏడు న్యార్కొవా తన వేరును మూలికల పరిశోధనశాలకు ఇచ్చింది. రక్తంలో మలేరియా క్రిములను అది బాగా తగ్గిస్తోందని వాళ్లు కాగితం రాసిచ్చారు. ఆమె దానికి అద్దం కట్టించి గుమ్మం మీద తగిలించింది. అంతే, దూఫీ వాకిలి ఖాళీ!

వాళ్లిద్దరి ఇళ్ల మధ్య ఇల్లు నాది. అన్నీ నాకు తెలుస్తాయి. తెలియనివి అడిగి తెలుసుకుంటాను.

“కెంకీ ముద్దలమ్మే సాచీవా కూడా అటే పోతోంది, చూశావా అక్కా?” అంది దూఫీ పొయ్యి ఊదుతూ. “నా కషాయంతో లేచి కూర్చున్న మనిషి!”

“నువ్వూ ఇవ్వవే ఆ పరిశోధనశాలకు” అన్నాను.

ఇచ్చింది. నెలన్నరకు జవాబొచ్చింది. నాది నాలుగో తరగతి చదువే అయినా నేనే చదివి పెట్టాను: మందు గుణం చాలా తక్కువ.

“మా చెల్లెలే వాళ్ల చెవిలో ఏదో ఊది ఉంటుంది!” అంది దూఫీ.

ఏం కలిపి ఇచ్చావే అని గుచ్చి గుచ్చి అడిగాను. బయటివాళ్ల చేతికి మందు ఇస్తే గుట్టు తెలియకుండా పనికిరాని ఆకు ఒకటి కలపాలని తల్లి నేర్పిందట. ఈవిడ మూడు రకాలు కలిపింది, వేరుకన్నా ఎక్కువగా.

“న్యార్కొవా ఏమీ కలపలేదట. నేనడిగాను” అన్నాను.

“అమ్మ మాట మీరినదానికి అద్దమూ, విన్నదానికి ఈ కాగితమూనా?”

మూడోనాడు దూఫీ ఉత్త వేరు మాత్రమే మూటగట్టుకుని కొండ దిగి మళ్లీ పరిశోధనశాలకు వెళ్లింది. ఈసారి వచ్చిన జవాబు: చెల్లెలి వేరుతో సమానం.

“సమానమా? రవ్వంతయినా ఎక్కువ లేదూ? సరిగ్గా చూడక్కా.”

“లేదే తల్లీ.”

ఆ కాగితానికి ఆమె అద్దం కట్టించలేదు. మడిచి మొలలో దోపుకుంది.

ఆ శనివారం న్యార్కొవా పొరుగూరు కర్మలకు వెళ్లింది. వణుక్కుంటూ వచ్చిన సాచీవా ఆమె ఇంటికి తాళం చూసి, దూఫీ వాకిట్లో నిలబడింది.

“నీదీ మీ చెల్లెలి మందేనా? వేరేదైతే నాకొద్దు.”

దూఫీ నావైపు చూసింది. గొంతు సవరించుకుంది.

“అదే వేరు” అని గిన్నె చేతికిచ్చింది. “కాకపోతే, చెల్లెలికన్నా నాలుగేళ్లు ముందు నేర్చుకున్నాను. తాగు.”