గొంతు వెనక మనిషి

నా చిన్నప్పుడు మా ఊరికి సినిమా కబుర్లు రిక్షా ఎక్కి వచ్చేవి. మాది నడిగూడెం దగ్గర ఒక చిన్న ఊరు. కోదాడలో అప్పట్లో ఒక డేరా టాకీసు ఉండేది, నేల మీద కూర్చుని చూసేవాళ్లం. కొత్త బొమ్మ పడ్డప్పుడల్లా ఒక రిక్షాకు రంగు కాగితాలు అంటించి, పైన మైకు కట్టి ఊరూరా తిప్పేవారు. అందులోంచి ఒక మగ గొంతు వచ్చేది. అంత నిండైన గొంతు నేను మళ్లీ వినలేదు. ఆ గొంతు చెబుతుంటే హీరోయిన్ మా పక్క వీధిలోనే జడ వేసుకుంటూ కూర్చుందేమో అనిపించేది. రిక్షాకు మూడు వైపులా గుడ్డలు కట్టి ఉండడం వల్ల మాట్లాడే మనిషి మాత్రం ఎన్నడూ కనిపించేవాడు కాదు.

ఇప్పుడు నాకు రిక్షా కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరై కోదాడలోనే ఉంటున్నాను. పొద్దున ముఖం కడుక్కోకముందే ఫోన్ మోగుతుంది. నాకు ఇష్టమైన పాత నటుడు ఇక లేరని ఫోటోకు పూలదండ వేసి ఉంటుంది. గుండె ఝల్లుమని తెరిచి చూస్తే లోపల ఆయన మనవడి పుట్టినరోజున కేకు తింటూ ఉంటాడు. దాని కింద ఎవరో జంట విడిపోయారని ఉంటుంది. ఆ కింద అన్నం ముట్టవద్దని ఒకాయన, అన్నం మానితే చస్తారని ఇంకొకాయన. హైదరాబాదు నుంచి మా అమ్మాయి పంపిన గడియారం చేతికి ఉంది. కాసేపు కుదురుగా కూర్చుంటే లేచి నడవమని మణికట్టు మీద గిల్లినట్టు అదురుతుంది. గుడ్డులో పచ్చసొన తినాలా వద్దా అన్నది రిటైరైనప్పటి నుంచి నాకు తేలనే లేదు. ఇదంతా చూసి నవ్వుకునేదాన్ని. మా తమ్ముడి సంగతి జరిగాక నవ్వు రావడం మానేసింది. వాడి గురించి చెప్పాలంటే ముందు ఆ రిక్షా కాలంలో మేమిద్దరం కలిసి చూసిన ఒక రోజు గురించి చెప్పాలి.

మా పక్కింటి అక్కకు సినిమాలంటే ప్రాణం. మైకు వినపడితే పొయ్యి మీద కూర మాడుతున్నా వీధిలోకి పరుగెత్తేది. ఒకసారి ఆమెను పెళ్లిచూపులు చూడటానికి వచ్చినవాళ్లు పిల్ల మరీ బక్కగా ఉందని అనేసి వెళ్లారు. ఆ రోజుల్లోనే రిక్షా గొంతు ఒక బలం పొడి గురించి చెప్పడం మొదలుపెట్టింది. హీరోయిన్ అన్నం ముట్టదట, పూటపూటకూ ఆ పొడే పాలలో కలుపుకుని తాగుతుందట, ఆ నిగారింపంతా దానివల్లేనట. పైగా వచ్చే ఆదివారం ఆమె స్వయంగా కోదాడ డేరా దగ్గరకు వస్తుందట. అక్క ఎలాగో ఒక డబ్బా తెప్పించుకుంది. అన్నం మానేసింది. వాళ్లమ్మ బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. చివరకు నాట్లు వేస్తున్న మడిలోనే అక్క కళ్లు తిరిగి పడిపోయింది. చేతిలో నారు కట్ట అలాగే ఉండగా ఆమెను గట్టు మీదికి మోసుకొచ్చారు.

వాళ్లమ్మ మా తాత దగ్గరకు వచ్చింది. మా తాత గొర్లు కాసేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు, అందుకేనేమో ఆయన మాట అందరూ వినేవారు. ఆయన వెళ్లి అక్క పడుకున్న చాప పక్కన కూర్చున్నాడు.

“గామె అన్నం తినకుంటనే గంత సక్కగ ఉంటదా బిడ్డా?” అని అడిగాడు.

“ఉంటదంట తాతా. మైకుల చెప్పిండ్రు.”

“అయితె ఐతారం కోదాడకు పోదాం. గామెనే అడుగుదాం.”

అక్క కళ్లు మెరిశాయి. కోప్పడతాడనుకున్న తాత అలా అనేసరికి ఆమెకు లేచి కూర్చునే ఓపిక వచ్చింది. ఆదివారం పొద్దున్నే తాత బండి కట్టాడు. అక్క ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుంది. నేనూ తమ్ముడూ ఏడ్చి మరీ బండి ఎక్కాం.

డేరా ముందు జనం ఇసక వేస్తే రాలనట్టు ఉన్నారు. ఎండ ఎక్కింది కానీ హీరోయిన్ రాలేదు. తర్వాత అదే గొంతు మైకులో పలికింది. హీరోయిన్ గారికి తోవలో జ్వరం తగిలిందని, ఇంకో ఆదివారం తప్పక వస్తారని చెప్పింది. జనం ఉసూరుమన్నారు. ఆ వెంటనే గొంతు బలం పొడి గురించి ఎత్తుకుంటే, ఉసూరుమన్న వాళ్లే డబ్బాల కోసం తోసుకున్నారు. తాత అక్క చెయ్యి పట్టుకుని, మమ్మల్ని వెంట రమ్మని, డేరా చుట్టూ తిరిగి వెనక వైపుకు నడిచాడు.

అక్కడ చుట్టిపెట్టిన గుడారం గుడ్డ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మెడ ఎముకలు తేలి, బుగ్గలు లోపలికి పోయి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. ముందు మైకు, పక్కన మూత తీసిన అన్నం గిన్నె. ఆ గొంతు ఆయనదే అంటే మేం నమ్మలేదు. నోరు తెరిచాక నమ్మాం. మాట తీరును బట్టి కృష్ణా నదికి అవతలివాడని తెలిసింది.

“నువ్వేనా అయ్యా, ఊరూరు చెప్పేది?” అన్నాడు తాత.

“నేనేనండీ.”

“గామెను సూసినవా ఎన్నడన్న?”

ఆయన నవ్వబోయి దగ్గాడు. “తెర మీద చూశానండీ, మీలాగే.”

“మరి గా పొడి తాగుతవా?”

“పొడితో కడుపు నిండుతుందా పెద్దాయనా? వాళ్లు చెప్పమన్నది చెబుతాను. మధ్యాహ్నం ఇంత అన్నం పడితేనే సాయంత్రం దాకా గొంతు లేస్తుంది.”

అప్పుడాయన అక్క వైపు చూశాడు. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నిలబడలేక గుడారం తాడు పట్టుకుంది. ఆయనకు ఏం అర్థమైందో, గిన్నెలోని గోంగూర అన్నంలో సగం మూతలోకి తీసి ఆమె ముందు పెట్టాడు. “తినమ్మా. నా మాట విని నువ్వు పస్తుండడమేంటి,” అన్నాడు. ఆ మాట మైకులో మాట్లాడినట్టు లేదు. చాలా నీరసంగా ఉంది. అక్క కింద కూర్చుని, తల ఎత్తకుండా, ఏడుస్తూనే మూతలోని అన్నమంతా తిన్నది.

బండి దగ్గరకు నడుస్తూ తాత మా ఇద్దరితో ఒక మాట అన్నాడు. “గొంతుకు సుత కడుపుంటది. దాని కడుపు కోసం అది మాట్లాడుతది, తప్పు పట్టొద్దు. గని నమ్మే ముందు ఒక్కపారి ఎనుకకు పోయి మనిషిని సూడాలె.” మా తమ్ముడు ఆ మాటను పాటలా కట్టి చాలా రోజులు పాడుకుంటూ తిరిగాడు. అక్కకు తర్వాత మఠంపల్లి సంబంధం కుదిరింది, పిల్లాపాపలతో బాగానే బతికింది.

మా తమ్ముడు పెద్దయ్యాక మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాడు. గింజను పంటి కింద కొరికి అది ఏ రకమో, ఎంత తడి ఉందో చెప్పేవాడు. వాడు మెచ్చిన బియ్యమే మా ఇంటికి వచ్చేవి. షుగర్ ఉండేది కానీ మందు గోళీలు వేసుకుంటూ హాయిగానే ఉన్నాడు. రిటైరయ్యాక మిల్లు నుంచి ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. కొడుకు కొనిచ్చిన పెద్ద ఫోన్‌ను స్టాండుకు పెట్టుకుని పొద్దంతా దాని ముందు కూర్చునేవాడు.

ఒకరోజు మా మరదలు ఫోన్ చేసింది. “ఒదినా, మీ తమ్ముడు గోళీలు బంద్ పెట్టిండు. నేను చెప్తె ఇంటలేడు, మీరు జర రాండ్రి,” అంది. నేను ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను.

వాడు చిక్కిపోయాడు కానీ ముఖంలో సంతోషం ఉంది. ఫోన్‌లో తెల్లబట్టలు కట్టుకున్న ఒక పెద్దమనిషి మాట్లాడుతున్నాడు. తీయని గొంతు.

“షుగర్ రోగమే కాదంట అక్కా,” అన్నాడు తమ్ముడు. “అన్నమే విషమంట. ఆకు రసం, ఆయన పంపే పొడి, గంతే. జిందగీ అంత జనానికి విషం పంపిన నేను.”

వాడు బతుకంతా చేసిన పనిని వాడి నోటితోనే అలా అంటుంటే చెయ్యి చాపి ఫోన్ గొంతు తగ్గించాను. డేరా వెనక చూసిన మనిషి గుర్తున్నాడా అని అడిగాను.

“యాదికున్నడు. గాయన కూలికి చెప్పెటోడు. ఈయన వేరే అక్కా. పొద్దుమాపు నాతోనే మాట్లాడుతడు. నా బాధ నాకంటె ముందు ఈయనే చెప్తడు.”

మేమెవరం పొద్దుమాపు వాడితో మాట్లాడాం?

ఆ తర్వాత ఆ పెద్దమనిషి సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాల్‌కు వస్తున్నాడని తమ్ముడికి ఫోన్‌లో కబురొచ్చింది. నేను లోలోపల సంతోషించాను. మా తాత చేసిన పనే నేనూ చేయొచ్చు అనుకున్నాను. మేం ముగ్గురం వెళ్లాం. హాలు నిండా మా వయసు వాళ్లే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వేదిక మీద గోడంత తెర. కాసేపటికి తెర మీద ఆయన ముఖం వచ్చింది. పనుల ఒత్తిడి వల్ల ఇలా మాట్లాడుతున్నానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను లేచి పక్క మెట్ల మీదుగా తెర వెనక్కి వెళ్లాను. అక్కడ వైర్లు, పొడి డబ్బాల అట్టపెట్టెలు, వాటిని పేరుస్తున్న ఇద్దరు మనుషులు. ఆయన ఎప్పుడొస్తారని అడిగితే వాళ్లు మొహాలు చూసుకున్నారు. “మేం సుత ఎన్నడు సూడలేదమ్మా. వీడియో పంపుతరు, మేం తెర మీద ఏసి చూపిస్తం,” అన్నాడు ఒకతను. నేను వెళ్లి తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. వాడు వచ్చాడు. వైర్లు చూశాడు, పెట్టెలు చూశాడు, వాళ్ల మాటా విన్నాడు. నేను వాడి ముఖం వైపే చూస్తూ నిలబడ్డాను.

“అన్ని ఊర్లకు ఒక్క మనిషి ఎట్లొస్తడు అక్కా,” అన్నాడు నెమ్మదిగా. నా చెయ్యి విడిపించుకుని డబ్బాలు కొనేవాళ్ల వరుసలోకి వెళ్లి నిలబడ్డాడు.

ఆ రోజు నాకు తెలిసింది, చూపించినా సరిపోదని. మా తాతకు వెనక ఒక మనిషి దొరికాడు, దగ్గుతూ, ఆకలి తెలిసినవాడు. అన్నంలో సగం తీసి పెట్టాడు. నాకు ఉత్త గోడ దొరికింది. గోడను బతిమాలలేం కదా.

వానలు మొదలయ్యేసరికి తమ్ముడి కాళ్లు వాచాయి. తర్వాత ఆయాసం. దవాఖానకు తీసుకెళ్తే రెండు కిడ్నీలూ పోయాయన్నారు. గోళీలు ఎప్పుడు మానేశారని డాక్టరమ్మ అడిగితే మరదలు నేల చూపులు చూసింది. ఇప్పుడు వాడికి డయాలసిస్ చేస్తున్నారు. వీలున్నప్పుడల్లా బస్సెక్కి వెళ్లి వాడి మంచం పక్కన కూర్చుంటాను. నీళ్లు కొలిచి తాగాలి. పండ్లు, ఆకుకూరలు చాలామటుకు వద్దన్నారు. నాలుగు మెతుకులు పెడితే నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంచుకుంటాడు. అది ఏ రకం బియ్యమో ఇప్పుడు చెప్పడు, నేనూ అడగను. వాడికి బాగవుతుందని డాక్టరమ్మ ఒక్కసారి కూడా అనలేదు.

సూది లేని చేతిలో ఇంకా ఆ ఫోన్ ఉంటుంది. ఎవరో నటుడి కొత్త ఇల్లు, ఎవరో నటి పెళ్లి చీర, చూస్తూ ఉంటాడు. మొన్న ఫోన్ నా వైపు తిప్పాడు. ఒక కొత్త గొంతు, ఏదో వేరు కషాయం తాగితే పోయిన కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయని చెబుతోంది. “సూడక్కా,” అన్నాడు. చిన్నపిల్లాడి ముఖం. నేను చూశాను. మరదలు వరండాలోకి వెళ్లిపోయింది.

ఆ కోదాడ ఆదివారం గురించి ఒక సంగతి నేను చాలాకాలం పట్టించుకోలేదు. ఈ మధ్య దవాఖానలో కూర్చున్నప్పుడే అది గుర్తొస్తోంది. తిరుగు బండిలో తాత అక్కను ఒక్క మాట కూడా అనలేదు. ఊరి మొదట్లో అరుగు మీద కూర్చున్నవాళ్లు బండిని ఆపి, నవ్వు ఆపుకుంటూ, “ఏం పిల్లా, హీరోయిన్ కనవడ్డదా?” అని అడిగారు. అక్క తల దించుకుంది. మా తాతే జవాబిచ్చాడు. “తొవ్వల జెరమొచ్చిందంట, రాలే,” అని మైకు చెప్పిన అబద్ధాన్నే తాను నమ్మినట్టు చెప్పి, ఎడ్లను అదిలించాడు. ఎవరికీ నవ్వడానికి ఏమీ దొరకలేదు.

ఆయన ఆ రోజు చేసిన పనుల్లో మొదటిది, కళ్లు తెరిపించడం, నా వల్ల కాలేదు. తమ్ముడిని చూడటానికి చుట్టాలు వస్తారు. లోకం తెలిసినవాడే కదా, గోళీలు ఎందుకు మానేశాడని వాడి ముందే అడుగుతారు. మరదలు మంచం మీది దుప్పటి సర్దుతుంది.

“మానలేదు, ఏసుకుంటనే ఉండె,” అంటాను నేను. “పాత షుగర్ గదా, గట్లనే అయితదంట.”

తమ్ముడు కళ్లు మూసుకునే ఉంటాడు. నిద్రపోవడం లేదని నాకు తెలుసు.