ఒక్క సీసా ఊట నీళ్ళు

శ్యామల ఇంట్లో వేడినీళ్ళ కుళాయి తిప్పితే గంధకం వాసన వస్తుంది. ఆమె ఒక్కదానికే వస్తుంది. భర్త రాజగోపాల్ రెండుసార్లు ప్లంబర్‌ని పిలిపించి, మూడోసారి ఊరుకున్నాడు. కింద బేస్‌మెంట్ ఏడాదిగా ఖాళీ. వాంకూవర్ చుట్టుపక్కల చోటు దొరక్క, చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో ఆరుగురు సర్దుకుంటున్న రోజులవి. "ఆంటీ, రూమ్ ఖాళీ ఉందా?" అని రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "లేదమ్మా, ఉన్నారు" అంటుంది. అది అబద్ధమని ఆమె అనుకోదు. తెల్లవారేసరికి కింది గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు ఆమెకు వినిపిస్తూనే ఉంది మరి.

ఆ చెప్పులు ఇషితవి. జగిత్యాల నుంచి వచ్చి ఆ బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన పిల్ల. కాలేజీ, కాఫీ షాపులో షిఫ్టు, ఆ మధ్య ఏ కాస్త తీరిక దొరికినా శ్యామల మోకాళ్ళకు నువ్వులనూనె రాసేది. ఎవరూ అడగకుండానే. కిందటి ఏప్రిల్‌లో స్నేహితులతో వేడినీటి ఊటలున్న ఊరు చూడ్డానికి వెళ్తానంది. కొండల మధ్య సరస్సు, ఒడ్డున నూరేళ్ళ నాటి స్నానాల హోటలు. ఆ మాట వినగానే శ్యామలకు ప్రాణం లేచొచ్చింది.

"హోటల్ నీళ్ళు కాదమ్మా, ఊట పుట్టే చోట ఒక్క సీసా పట్టుకురా. మోకాళ్ళకి పోసుకుంటాను" అంది. గోదావరి ఒడ్డు మనిషి. నీటి మహిమంతా పుట్టుకలోనే ఉంటుందని ఆమె నమ్మకం.

స్నేహితులు కొలనులో ఉండగా ఇషిత ఒంటరిగా ఊట దాకా వెళ్ళింది. నాచు పట్టిన రాళ్ళు, పక్కనే మంచు కరిగి దిగిన సరస్సు నీళ్ళు. సాయంత్రానికి ఆమె శవం సరస్సులో తేలింది. బండ మీద ఫోన్ దొరికింది. సీసా దొరకలేదు. ఇంకేముంది, సెల్ఫీ తీసుకుంటూ జారిపడిందన్నారు! పలకరించడానికి వచ్చినవాళ్ళు పదిమంది, వాట్సాప్‌లో తీర్పు చెప్పినవాళ్ళు వెయ్యిమంది. శ్యామల అవన్నీ చదివి తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

సంవత్సరీకానికి ఇషిత అన్న లోహిత్ కెనడాలోనే తూర్పున ఉన్న కిచెనర్ నుంచి వచ్చాడు. అక్కడ ఐటీ ఉద్యోగం. "ఆ జాగ చూడాలె ఆంటీ. ఒక్కణ్ణే పోలేను, మీరు రండి" అన్నాడు. ఆమె సరేనంది.

పొద్దున్నే వెళ్ళారు. తెల్ల తువ్వాళ్ళు భుజాన వేసుకుని ముసలివాళ్ళు కొలనుకు నడుస్తున్నారు. ఒడ్డు వెంట ఊట దగ్గరికి చేరేసరికి గంధకం వాసన గుప్పుమంది. ఈసారి అది నిజం వాసన. లోహిత్ బండ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆ ఫోన్ నేనే కొనిచ్చిన ఆంటీ. మంచి కెమెరా ఉన్నది అడిగింది. కొనకపోతే బతికుండేది."

ఆ భారం తానొక్కతే మోస్తున్నానని శ్యామల ఇన్నాళ్ళూ అనుకుంది. ఒక్క మాట చెబితే పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చి, ఆ గొడ్డలి ఈ పిల్లాడి మెడ మీద పెట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"సెల్ఫీ కాదు బాబూ. ఊట నీళ్ళు నేనే తెమ్మన్నాను. నా మోకాళ్ళ కోసం."

"ఏడాది ఊకున్నరా ఆంటీ?" అన్నాడు లోహిత్. ఆమె జవాబు కోసం ఆగకుండా తల్లికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి చేతికిచ్చాడు. "అమ్మా, చెల్లె ఫోటోకు పోలేదట. ఆంటీ చెప్తది, విను."

జగిత్యాలలో అది రాత్రి భోజనాల వేళ. తల్లి సరోజన అంతా వింది. తిట్టినా బాగుండునని శ్యామల ఎదురుచూసింది.

"ఈడ అందరు నా బిడ్డను ఫోటోల పిచ్చిది అన్నరమ్మా" అంది సరోజన. "నేను చెప్తె నమ్మరు. నువ్వే చెప్పాలె. ఒక్కొక్కరి నంబర్ పంపిస్త."

వెంటనే ఆ ఫోన్‌కే నంబర్లు రావడం మొదలైంది. మొదటిది ఇషిత పెదనాన్నది. శ్యామల ఆ తడి బండ మీదే కూర్చుని ఆ నంబర్ నొక్కింది.

"నమస్కారమండీ, నా పేరు శ్యామల. మీ ఇషిత మా ఇంట్లోనే ఉండేది."